ఐదు ఫోటోల్లో పనిమనిషి

“నువ్వెలాగూ ఖాళీయేగా” అంటూ రేమండ్ తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

ఆ మాట అన్న వేళకి డార్లా చేతులు మణికట్ల దాకా ఆప్రికాట్ గుజ్జులో ఉన్నాయి. ఒక పొయ్యి మీద జామ్ కుతకుతలాడుతోంది, ఇంకో పొయ్యి మీద ఖాళీ సీసాలు మరుగుతున్నాయి. మొత్తం అరవై సీసాలు నింపాలి. జూలై మొదటి ఆదివారం రేమండ్ వాళ్ళ జాంబ్రానా కుటుంబాల పిక్నిక్. వచ్చిన ప్రతి కుటుంబానికీ వెళ్ళేటప్పుడు ఒక జామ్ సీసా చేతిలో పెట్టడం ఆనవాయితీ. సీసా మీద “జాంబ్రానా వారి జామ్” అని అందమైన చీటీ ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ జామ్‌లో ఒక్క జాంబ్రానా కూడా వేలు పెట్టలేదు, నాకి చూడటానికి తప్ప.

మొగుడు రేమండ్ భాషలో ఖాళీ అంటే జీతం రాని పని చేస్తున్నావని అర్థం. డార్లా, కాలిఫోర్నియాలో వింటర్స్ అనే ఊరి స్కూలు ఆఫీసులో హాజరుపట్టీలు చూసే గుమస్తా. స్కూలు ఉన్న రోజుల్లో “నాలుక్కల్లా ఇంటికొచ్చేస్తావుగా” అంటాడు. సెలవుల్లో “ఖాళీయేగా” అంటాడు. జ్వరం వచ్చి పడుకుంటే “ఎలాగూ పడుకునే ఉన్నావుగా, ఆ ఫోన్ కాస్త చెయ్యి” అంటాడు. చెడ్డవాడు కాదు. ఆ సంగతి డార్లాకి అందరూ చెబుతూనే ఉంటారు. కొట్టడు, తాగడు, ఆదివారం ఆదివారం చెత్తబుట్ట తనే బయట పెడతాడు. ఇంతకన్నా ఏం కావాలి? అదే ఆమెకి ఒళ్ళు మండేది. చెడ్డవాడైతే ఎప్పుడో ఒకసారి గట్టిగా అరిచి ఉండేది.

“ఏంటిది?” అంది.

“పోయాయనుకున్న ఫోటోలు!” రేమండ్ గొంతు వణికింది. “పాత ఇంటి కప్పు విప్పుతుంటే దూలాల మధ్య దొరికింది. గిల్ పంపించాడు. నలభై ఒక్క ఫోటోలు, డార్లా! మా నాయనమ్మ ముఖం ఇందులో ఉండి తీరాలి.”

ఆ వణుకు విని డార్లా చేతులు కడుక్కుంది. దాని వెనకున్న బాధ ఆమెకి తెలుసు. రేమండ్ నాయనమ్మ 1931లో, నలభై రెండేళ్ళకే పోయింది. అప్పటికి రేమండ్ తండ్రికి పదమూడేళ్ళు. ఆయన ముసలాడయ్యాక కూడా భోజనం మధ్యలో చెంచా కింద పెట్టి, “మా అమ్మ ఫోటో ఒక్కటుంటే మీకు చూపించేవాణ్ణిరా” అనేవాడు. ఫోటోలు ఉండేవనీ, ఆవిడ పోయాక మాయమయ్యాయనీ ఇంటిల్లిపాదీ ఎరిగిన కథే. సమాధి రాయి మీద “అమ్మ” అని ఉంది, అంతే. గిల్ తయారుచేసిన వంశవృక్షంలో తాతగారి పేరు పక్కన “శ్రీమతి ఆంటోనియో జాంబ్రానా” అని ఉంది.

గిల్ అంటే గిల్బర్ట్, రేమండ్ అన్న. ఇన్సూరెన్స్ పని చేసి రిటైరయ్యాక వంశచరిత్ర మీద పడ్డాడు. చరిత్ర ఆయనది, దుమ్ము డార్లాది. ఆయన ఉత్తరాలు టైపు చేసేది, ఆయన కనుక్కున్న బంధువులకి ఫోన్లు చేసేది, పుట్టినరోజులు రాసి పెట్టుకునేది ఈవిడ. ఇప్పుడు ఈ నలభై ఒక్క ఫోటోలూ తుడవాలి, స్కాన్ చెయ్యాలి, వెనకాల పెన్సిలుతో రాసిన స్పానిష్ అక్షరాలు చెరిగిపోకముందే ఎత్తి రాయాలి. అన్నిటికన్నా మంచి ఫోటో ఒకటి ఎంచి గుడ్డ మీద పెద్ద బ్యానర్ వేయించాలి. మూడు వారాల్లో. జామ్ కాక.

మొదటి వారం ఆమె ఒక్కో ఫోటోనీ మెత్తటి బ్రష్షుతో తుడిచింది. కొన్ని స్పెయిన్‌లోని మాలగాలో, ఓడ ఎక్కేముందు తీయించుకున్నవి. కొన్ని హవాయీ చెరుకు తోటల్లోవి. మిగిలినవి వాళ్ళు కాలిఫోర్నియా వచ్చాక, ఇదే వింటర్స్ ఊళ్ళో, ఆప్రికాట్లు కోసే షెడ్డుల్లో తీసినవి. వెనక రాత అన్నిటి మీదా ఒకే చేతిది. అక్షరాలు కుడివైపుకి వాలి, ఒక్కో మాట చివర చిన్న తోక.

రెండో వారం గిల్ వచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఫోన్‌లో ఒక్కో మాటా కొట్టి అర్థం చూడటం మొదలుపెట్టాడు. డార్లా ఆయన ముందు కాఫీ పెట్టింది. అరగంటకి ఆయన బల్ల గుద్దిన గుద్దుకి కాఫీ తొణికింది.

“రే! ఇలా రా! పనిమనిషి!”

“ఎవరు?”

“ఇదిగో. ఆంటోనియో అంటే తాత. ఫ్రాస్కీతో, సాల్వదోర్, తాత తమ్ముళ్ళు. ముగ్గురి పేర్లూ రాసి, ఆ పక్కన చూడు, సర్విడోరా. సేవకురాలు! మనవాళ్ళకి స్పెయిన్‌లో పనిమనిషి ఉండేదిరా!”

మాలగా ఫోటో అది. మీసాల అన్నదమ్ములు ముగ్గురు వరసగా కూర్చున్నారు. ఒక పక్కగా, అంచుకి జరిగి, ఒక చెయ్యి కుర్చీ మీద వేసి ఒక పడుచు నిలబడి ఉంది. ఆ మాట మొత్తం ఐదు ఫోటోల వెనక ఉంది. ఐదింట్లోనూ ఆవిడే ఉంది.

డార్లా తొణికిన కాఫీ తుడుస్తూ అంది. “పరాయి దేశం పోయి చెరుకు కొట్టినవాళ్ళు కదా గిల్. వాళ్ళకి పనిమనిషేంటి?”

“అదే మరి! వాళ్ళు కూలీలని ఇన్నాళ్ళూ మనల్ని మనమే తక్కువ చేసుకున్నాం. తాత కూలికి రాలేదు, దేశం చూడటానికి వచ్చాడు.”

“హవాయీ ఫోటోలో కూడా ఆవిడ ఉందే?”

“నమ్మకస్తురాలు. కూడా వచ్చేసింది.”

“ఈ ఊళ్ళో ఆప్రికాట్ షెడ్డులో కూడా ఉంది. పదిమంది ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని కాయలు కోస్తున్నారు. వాళ్ళల్లో ఈవిడ ఒక్కత్తే పనిమనిషి ఎలా అయింది?”

“మహా నమ్మకస్తురాలు” అన్నాడు గిల్.

“పసిపిల్లాడు ఆవిడ ఒళ్ళో ఉన్నాడు.”

“పనిమనిషి ఒళ్ళో కాక ఇంకెక్కడుంటాడు?” గిల్ సంచీలోంచి ఒక కాగితం తీశాడు. ఓడలో వచ్చినవాళ్ళ పేర్ల జాబితా నకలు. వరసగా పేర్లే, ఎవరికెవరు ఏమవుతారో లేదు. “ముగ్గురు జాంబ్రానాల కింద చూడు. రెమేదియోస్ పారేహా. ఇంటిపేరు వేరు. ఇంట్లో మనిషైతే జాంబ్రానా అని ఉండదూ? ఇదే ఆ పనిమనిషి. పేరు కూడా దొరికింది!”

“మరి మీ నాయనమ్మ ఏది?”

“తర్వాతి ఓడలో వచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు సిగ్గరులు, ఫోటోలకి నిలబడేవాళ్ళు కాదు.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం వాదిస్తాం? పనిమనిషికి పేరు దొరికింది, ముఖం దొరికింది, నమ్మకస్తురాలన్న కితాబు కూడా దొరికింది. ఇంటి ఇల్లాలికి ఏదీ దొరకలేదు. డార్లా మళ్ళీ నోరు తెరిచేలోపు రేమండ్ నవ్వుతూ భుజం తట్టాడు. “నువ్వు ఓక్లహోమా పిల్లవి డార్లా. మా స్పానిష్ సంగతులు నీకేం తెలుస్తాయి?”

ఆ అన్నదమ్ములిద్దరి స్పానిషూ కలిపితే మంచినీళ్ళు అడగడానికి కూడా చాలదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ జామ్ మాడు వాసన వచ్చి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. ఆమె జీవితంలో ఎన్ని మంచి జవాబులు ఇలా పొయ్యి దగ్గరికి పోయాయో లెక్కలేదు.

గిల్ వెళ్ళాక మాలగా ఫోటోని కంప్యూటర్ తెర నిండా పెద్దది చేసి చూసింది. ఆ పడుచు ముఖంలో భయం లేదు, సిగ్గు అసలే లేదు. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉంది. త్వరగా కానివ్వండి, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చాను అన్నట్టుంది. ఆ నిలబడటం డార్లాకి బాగా తెలిసిన నిలబడటం. ముప్పై నాలుగు పిక్నిక్‌ల ఫోటోల్లో తనూ అలాగే ఉంటుంది, అసలు ఉంటే. సగం మొహం కోసేసి, గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపిస్తూ. చాలాసార్లు ఆ చెయ్యి కూడా ఉండదు, ఫోటో తీసేది తనే కాబట్టి. అత్తగారు హార్టెన్స్ ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకి చెప్పేది: “మా డార్లా బంగారం. దాని చెయ్యి పడితే చాలు.” బంగారం అన్నది నిజమే. చివరి రెండేళ్ళు ఆవిడకి స్నానాలు చేయించింది, దుప్పట్లు మార్చింది, అన్నం మెత్తగా పిసికి పెట్టింది ఆ చెయ్యే. పోయేముందు ఆవిడ కొడుకుల్నిద్దర్నీ పిలిచి, “నన్ను ఎంత బాగా చూసుకున్నార్రా” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. డార్లా ఆ వేళ గుమ్మంలో ఉతికిన దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. పిక్నిక్ రోజున చదివే కుటుంబాల పుస్తకంలో వాళ్ళ వరస ఇలా ఉంటుంది: రేమండ్, భార్య, ఇద్దరు పిల్లలు. రోజూ ఆరువందల మంది పిల్లల పేర్లు అక్షరం తప్పు లేకుండా రాసే మనిషికి ఆ “భార్య” అన్న మాట చూసినప్పుడల్లా ఎర్ర పెన్నుతో దిద్దాలనిపించేది. ఒకసారి హార్టెన్స్‌తో అంది కూడా. “పేరు రాస్తే ఏముంది, రాయకపోతే ఏముంది? నువ్వెవరో మాకు తెలీదా?” అంది ఆవిడ.

ఆ సాయంత్రం రేమండ్‌ని అడిగింది. “ఈ వెనకాల రాతంతా ఒకే చేతిది. రాసిందెవరు?”

“ఎవరో రాసుంటారు” అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఎవరో చేసుంటారు, ఎవరో కడిగుంటారు, ఎవరో రాసుంటారు. ఆ ఇంట్లో ఎక్కువ చాకిరీ చేసేది ఈ ఎవరోనే.

ప్రతి గురువారం డార్లా వాకావిల్ వృద్ధాశ్రమంలో ఉన్న తియా ఎన్‌కార్నాని చూడటానికి వెళ్తుంది. తియా అంటే స్పానిష్‌లో అత్త. రేమండ్ తండ్రికి ఆఖరి చెల్లెలు ఆవిడ. తొంభై మూడేళ్ళు. చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడకి ఫోటోలు చూపిద్దామని డార్లా అన్నప్పుడు గిల్ నవ్వాడు. “గుడ్డావిడకి ఫోటోలా? పైగా వాళ్ళమ్మ పోయేనాటికి ఆవిడకి ఐదేళ్ళు. ఏం గుర్తుంటుంది?” అది సబబుగానే తోచి డార్లా కూడా ఊరుకుంది. కానీ ఆ గురువారం గోళ్ళు తీస్తూ, ఊరికే ఊసుపోకకి, ఎత్తి రాసుకున్న కాగితం బయటికి తీసింది.

“తియా, ఆ డబ్బాలో ఫోటోల వెనక రాసినవి చదవనా? నా స్పానిష్ విని నవ్వకూడదు మరి.”

“చదువు పిల్లా. నవ్వి చాలా రోజులైంది.”

“ఆంటోనియో, ఫ్రాస్కీతో, సాల్వదోర్, ఇ సర్విడోరా.”

డార్లా చేతిలోంచి ముసలావిడ చెయ్యి చటుక్కున లాగేసుకుంది. గోరు తెగిందేమోనని డార్లా భయపడింది.

“ఆ చివరి మాట మళ్ళీ చెప్పు.”

“సర్విడోరా.”

“డ కాదే. ద. నాలుక పళ్ళకి తగలాలి. సెర్విదోరా.”

“సెర్విదోరా. పనిమనిషట. ఐదు ఫోటోల్లో ఉంది. గిల్ చెప్పాడు, మీ నాన్నవాళ్ళకి స్పెయిన్‌లో పనిమనిషి...”

తియా ఎన్‌కార్నా నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలాయి, చక్రాల కుర్చీ కదిలింది, పక్క గదిలోంచి నర్సు తొంగి చూసింది. “పనిమనిషా! మా ఇంట్లోనా! నలుగురు పిల్లలకి రెండు జతల చెప్పులుండేవే తల్లీ. ఎవరు ముందు లేస్తే వాళ్ళు తొడుక్కునేవాళ్ళు. సెర్విదోరా అంటే పనిమనిషి కాదు. నేను.”

“మీరా?”

“నేను కాదే మొద్దూ! నేను అని అర్థం. రాసిన మనిషి తన గురించి అలా రాసుకుంటుంది. పెద్దల ముందు ‘నేను’ అనడం పొగరు కదా మాకు. రొట్టె ఎవరు చేశారు? సెర్విదోరా. తలుపు ఎవరు వేశారు? సెర్విదోరా. పొద్దున్నే ఆప్రికాట్ షెడ్డులో మేస్త్రమ్మ పేర్లు పిలిచేది. నేను బల్ల కింద గింజల కుప్పలో కూర్చునేదాన్ని. ‘రెమేదియోస్ పారేహా!’ అనగానే నా నెత్తి మీద నుంచి వినపడేది: ‘సెర్విదోరా!’ ఏం గొంతు అనుకున్నావ్! షెడ్డంతా వినపడేది. నేను చాలా రోజులు మా అమ్మ పేరు అదే అనుకున్నా.”

డార్లా చేతిలో గోళ్ళ కత్తెర అలాగే ఉండిపోయింది. ఉత్తరం కింద “ఇట్లు తమ విధేయురాలు” అని సంతకం పెట్టిన మనిషిని పట్టుకుని, ఆ ఇంట్లో పని చేసిన దాసి అని తేల్చేశారన్నమాట. అది కూడా ఆవిడ సొంత మనవలు.

“మీ అమ్మ ఇంటిపేరు పారేహానా? జాంబ్రానా కాదా?”

“పెళ్ళి చేసుకుంటే నాన్న పేరు ఎందుకు పోతుంది? మా స్పెయిన్ ఆడది పుట్టిన పేరుతోనే చస్తుంది. ఇక్కడికొచ్చాక రాయి మీద అది కూడా చెక్కలేదు.” ఆవిడ చెయ్యి చాచింది. “తెచ్చావా ఆ ఫోటో?”

“ఫోన్‌లో ఉంది. కానీ తియా...”

“నాకు కళ్ళు లేవని నాకు తెలుసులే. నీకున్నాయిగా. ఎలా ఉందో చెప్పు.”

డార్లా చెప్పింది. నుదురు వెడల్పు. జుట్టు లాగి వెనక్కి కట్టేసింది, చెవి దగ్గర ఒక పాయ ఊడింది. మెడలో ఏమీ లేదు. ఎడమ కనుబొమ్మ లేచి ఉంది. కుర్చీ మీద వేసిన చెయ్యి పెద్దది, మగవాడి చెయ్యంత. చూపుడువేలు గోరు పక్కన నల్లటి మచ్చ ఒకటి ఉంది, ఫోటో మీద మరకో నిజంగా మచ్చో తెలీడం లేదు.

“పెన్సిలు” అంది తియా ఎన్‌కార్నా. ఆవిడ చూపు లేని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. “చిన్నప్పుడు పెన్సిలు ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. మా వీధిలో చదువొచ్చిన ఆడది ఆవిడొక్కత్తే. అందరి ఉత్తరాలూ ఆవిడే రాసేది. మా నాన్నకి సంతకం కూడా రాదు. ఆవిడ పోయిన వారానికి ఆ డబ్బా తీసుకెళ్ళి కప్పులో పెట్టేశాడు. చదవలేని రాత ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందన్నాడు.”

డార్లా కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. కోపం వచ్చింది. గిల్ మీద కన్నా తన మీద ఎక్కువ వచ్చింది. ప్రశ్నలన్నీ అడిగిందే తప్ప, ఒక్క జవాబునైనా తప్పు అని గట్టిగా అనలేదు.

ఆ సాయంత్రమే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఒక్క మాట వదలకుండా చెప్పింది. గిల్ మొహం ఎర్రబడింది.

“ఆవిడకి తొంభై మూడేళ్ళు. మొన్న నన్ను పట్టుకుని మా నాన్న అనుకుంది.”

“గొంతు ఒకలాగే ఉంటుంది గిల్. చూపు లేదు కదా.”

“నేను పత్రికవాళ్ళకి చెప్పేశాను. బ్యానర్ మీద రాయాల్సింది కూడా ఖాయం చేశాను. ‘జాంబ్రానా సోదరులు, వారి పనిమనిషి. మాలగా, 1911.’ ఇప్పుడు పోయి మేము కూలీలం, ఆ పనిమనిషి మా నాయనమ్మ అని చెప్పమంటావా? నూట ఇరవై మంది ముందు?”

“అవును.”

“రే, నీ భార్యకి చెప్పుకో” అని గిల్ లేచి వెళ్ళిపోయాడు.

రేమండ్ ఫోటో దగ్గరికి జరిగి చాలాసేపు చూశాడు. వేలితో ఆ కనుబొమ్మని తాకాడు. అతని కనుబొమ్మ కూడా అలాగే లేస్తుంది, బిల్లు ఎక్కువొచ్చినప్పుడు. “అయ్యుండొచ్చు” అన్నాడు మెల్లగా. “అవుననే అనిపిస్తోంది. కానీ ఇప్పుడు అన్నయ్యతో గొడవెందుకు? పిక్నిక్ కానీ. తర్వాత నెమ్మదిగా చెబుదాం.”

“మీ నాన్న చచ్చేదాకా వెతికిన ముఖం ఇది. నూట ఇరవై మందికి పనిమనిషి అని చూపిస్తారు. ఆ పిల్లలంతా అదే నేర్చుకుంటారు. తర్వాత ఎవరికి చెబుతావు రే?”

“అబ్బా డార్లా, ఎప్పుడూ లేంది నీకు ఈ పంతమేంటి?” అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. “అన్నట్టు, ఎల్లుండి బ్యానర్ షాపులో ఫైల్ ఇచ్చెయ్యాలి. నువ్వెలాగూ అటు వెళ్తున్నావుగా.”

డార్లా అతని వంక చూసింది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మాట ఆమెకి నచ్చింది.

“వెళ్తున్నాను” అంది.

షాపులో కౌంటర్ దగ్గరి అమ్మాయి తెర మీద చూపించి, అక్షరాలు ఇవేనా, ఏమైనా మార్పులున్నాయా అని అడిగింది. ఉన్నాయని డార్లా చెప్పింది. అక్షరం అక్షరం దగ్గరుండి రాయించింది. పేర్లు తప్పు పోకుండా రాయించడం ఆమె వృత్తి.

పిక్నిక్ వాగు ఒడ్డున పార్కులో జరిగింది. డార్లా పొద్దున్నే వాకావిల్ వెళ్ళి తియా ఎన్‌కార్నాని తీసుకొచ్చింది. “ఈ ఎండలో ఆవిడెందుకు?” అని రేమండ్ గొణిగాడు, అయినా కుర్చీ కారులోంచి దింపాడు. బండి చక్రమంత వెడల్పున్న మూకుడులో కుందేలు మాంసం, కోడి మాంసం వేసి అన్నం వండాలి. వండేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అన్నం సరిగ్గా ఉడుకు పట్టే వేళకే గిల్ మైకు పుచ్చుకుని కుటుంబాల పుస్తకం తెరుస్తాడు. అందుకే ఇన్నేళ్ళలో డార్లా ఆ పేర్ల పిలుపు పొగలోంచి, దూరం నుంచి వినడమే తప్ప దగ్గర కూర్చుని ఎరగదు.

ఈసారి గిల్ మైకు తట్టగానే ఆమె గరిటె మూకుడు అంచు మీద పెట్టింది. ఏప్రన్ విప్పి చెట్టు కొమ్మకి తగిలించింది. వెళ్ళి తియా ఎన్‌కార్నా పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది.

“ఫ్రాస్కీతో శాఖ!” గిల్ పిలిచాడు. పేర్లు, చేతులు, చప్పట్లు. “సాల్వదోర్ శాఖ!” మళ్ళీ చప్పట్లు. “ఆంటోనియో శాఖ! గిల్బర్ట్, అంటే నేను!” నవ్వులు. “రేమండ్!” రేమండ్ చెయ్యెత్తాడు. “భార్య, ఇద్దరు పిల్లలు!” కూతురు ఫోన్‌లోంచి తలెత్తకుండా చెయ్యి ఊపింది. గిల్ పుస్తకం మూశాడు. “ఇప్పుడు మీకోసం, నూట ఎనిమిదేళ్ళ తర్వాత...” అని తాడు లాగాడు.

పైన కప్పిన గుడ్డ జారి పడింది. అన్నదమ్ములు ముగ్గురూ మనిషంత ఎత్తున కనిపించారు. అంచున ఆవిడ, కనుబొమ్మ ఎత్తి. కింద పెద్ద అక్షరాలు. ఇంగ్లీషు చదవడం కొత్తగా నేర్చుకున్న ఒక పాప కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది.

“ఆంటోనియో... ఫ్రాస్కీతో... సాల్వదోర్... ఇంకా నేను. ఆంటోనియో భార్యని, చెరుకు కొట్టి, ఆప్రికాట్లు కోసి, ఈ ఫోటోలన్నిటి వెనకా పేర్లు రాసినదాన్ని. రెమేదియోస్ పారేహా.”

రేమండ్ బ్యానర్ వంక చూసి, తల దించుకుని, మళ్ళీ చూశాడు. “బాగా చదివావు పాపా” అంది తియా ఎన్‌కార్నా పెద్దగా. “ఇంకోసారి చదువు.”

పాప మళ్ళీ మొదలుపెట్టేలోపే గిల్ మైకులో అరిచాడు. “ఎవరు? ఇది మార్చిందెవరు?”

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. షాపువాళ్ళ పొరపాటేమో అన్నారెవరో. సరిగ్గా అప్పుడే గాలి ఇటు తిరిగి, అన్నం అడుగంటిన వాసన గుప్పున కొట్టింది.

“అయ్యో, మాడిపోతోంది! అన్నం ఎవరు చూస్తున్నారు?” ఇంకెవరో కేక పెట్టారు.

ఆ రెండో ప్రశ్నకి నూట ఇరవై తలలూ ఒక్కసారిగా డార్లా వైపు తిరిగాయి. మొదటి ప్రశ్నకి ఒక్క తల కూడా ఆమె వైపు తిరగలేదు.

డార్లా లేచి నిలబడింది. హమ్మయ్య, పొయ్యి దగ్గరికి పోతోంది అనుకుని రేమండ్ గాలి పీల్చుకున్నాడు. ఆమె పొయ్యి వైపు చూడను కూడా లేదు. గిల్ అడిగినదానికి, అతని కళ్ళలోకి చూస్తూ, మైకు అక్కర్లేనంత గట్టిగా, నాలుక పళ్ళకి తగిలేలా జవాబు చెప్పి మళ్ళీ కూర్చుంది.

“సెర్విదోరా!”